పాఠకుల ప్రశ్నలు: కాగితాన్ని వెనక్కి తిప్పి చూశారా?

ప్రశ్న: మేడమ్ గారికి నమస్కారం. మా నాయనమ్మ పోయాక ఆమె ట్రంకుపెట్టెలో, పట్టుచీర మడతల మధ్య ఒక పాత కాగితం దొరికింది. ఇంగ్లీషులో గవర్నమెంట్ ప్రామిసరీ నోట్ అని, మూడున్నర శాతం వడ్డీ, 1865 లోను, ఐదు వందల రూపాయలు అని ఉంది. వెనక అంతా గళ్లు, ముద్రలు, సంతకాలు. ఒక సంతకం తెలుగులో ఉంది. అది మా తాతమ్మదని నాన్నగారు అంటున్నారు. షావుకారుపేటలో పాత నాణేలు కొనే ఒకాయన ‘ఇది నూట అరవై ఏళ్ల నాటిది, కానీ నకిలీ అయ్యే అవకాశం ఉంది, అయినా ఐదు వేలిస్తాను, ఇవాళే ఇచ్చెయ్యండి’ అన్నాడు. మా తమ్ముడేమో వడ్డీతో కలిపి ప్రభుత్వం నుంచి లక్షలు వస్తాయంటున్నాడు. ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, పెరంబూరు, చెన్నై

జవాబు: అమ్మా, మీరు పంపిన ఫోటోలు రెండు రోజులు దగ్గర పెట్టుకుని చూశాను. ముందు వైపు ఒక్కటే తీసి, వెనక వైపు మూడు తీశారు. చాలామంది ముందు వైపే పంపుతారు. బ్యాంకులో గవర్నమెంటు సెక్యూరిటీల కౌంటర్‌లో ఇరవై ఆరేళ్లు కూర్చున్నాను. ఇలాంటి నోటు చేతికి రాగానే మేం మొదట చూసేది వెనక వైపే. ముందు వైపు అచ్చాఫీసు వేసింది. వెనక వైపు రాసినవాళ్లు మనుషులు.

మీ కాగితం 1865 నాటిది కాదు. ఆ వ్యాపారి తెలిసి అన్నాడో తెలియక అన్నాడో గాని, అది తప్పు. 1865 అనేది ఆ లోను పేరు. ప్రభుత్వం ఆ సంవత్సరం పేరుతో జనం దగ్గర అప్పు తీసుకుని, అందుకు రుజువుగా ఇలాంటి నోట్లు ఇచ్చింది, దానికి తీర్చే గడువంటూ పెట్టలేదు. ఆరు నెలలకోసారి వడ్డీ ఇస్తూ పోయింది. వడ్డీ ఇచ్చినప్పుడల్లా వెనకున్న ఒక గడిలో ముద్ర వేసేవారు. గళ్లు నిండిపోతే పాత నోటు ఆఫీసులో ఇచ్చేసి, అదే లోను పేరుతో కొత్త నోటు తెచ్చుకోవాలి. పెద్ద నోటును చిన్న నోట్లుగా విడగొట్టుకున్నా అంతే. అందుకే 1920లలో, 1930లలో ఇచ్చిన కాగితాల మీద కూడా 1865 అనే ఉంటుంది. ఇలాగే 1842-43 లోను, 1854-55 లోను, 1879 లోను పేర్లతోనూ నోట్లు నడిచాయి. మీ నోటు వెనక మొదటి వడ్డీ ముద్ర 1928ది, చివరిది 1944ది. కాబట్టి దాని వయసు వందేళ్లకు కాస్త తక్కువ.

ఇక అసలైనదా కాదా. ఎదురుగా పెట్టుకుని చూడకుండా నూటికి నూరు పాళ్లూ చెప్పడం సరికాదు. కానీ ఫోటోల్లో కనిపించినంత మేరకు నాకు నమ్మకం కుదిరింది. ఎందుకో చెబుతాను. ఇవే మీరూ ఇంట్లో చూసుకోవచ్చు.

మొదటి గళ్లలో ఇంపీరియల్ బ్యాంక్ ముద్ర ఉంది. బెంగాల్, బొంబాయి, మద్రాసు బ్యాంకులు మూడూ 1921లో కలిసి ఇంపీరియల్ బ్యాంక్ అయ్యాయి. ప్రభుత్వ అప్పుల లెక్కలు చూసే పబ్లిక్ డెట్ ఆఫీసు దాని చేతిలోనే ఉండేది. 1935 ఏప్రిల్‌లో రిజర్వ్ బ్యాంక్ మొదలై ఆ పని తన చేతిలోకి తీసుకుంది. మీ నోటు వెనక సరిగ్గా ఆ కాలానికే ముద్ర మారింది. దొంగ కాగితం చేసేవాడు ముందు వైపు బొమ్మ మీద ఎంత శ్రద్ధ పెట్టినా, ఇంత దూరం ఆలోచించడు.

రెండోది లెక్క. ఐదు వందలకు మూడున్నర శాతం అంటే ఏడాదికి పదిహేడున్నర రూపాయలు. ఆరు నెలలకు ఎనిమిది రూపాయల పన్నెండు అణాలు. మీ గళ్లలో 8-12-0 అని ఉంది, కొన్నింట్లో ఆదాయపు పన్ను పట్టుకుని తక్కువ చూపించారు. ఇది సరిపోయింది. మన దేశంలో దశాంశ నాణేలు వచ్చింది 1957 ఏప్రిల్ 1న. 1930ల నాటి గడిలో ఎవరైనా 8.75 అని చూపిస్తే ఆ కాగితం పక్కన పెట్టెయ్యొచ్చు. ఇలాగే చిరునామాలో పిన్‌కోడ్ ఉంటే 1972 ఆగస్టుకు ముందుది కాదు. అశోక స్తంభం ఉంటే స్వాతంత్ర్యం వచ్చాక వేసిందే అనుకోవాలి. ఒక ‘బ్రిటిష్ కాలం’ సర్టిఫికెట్‌లో ముద్రమీద చెన్నై అని ఉండటం నేనే చూశాను. ఆ పేరు 1996లో వచ్చింది.

మూడోది సిరా. పదహారేళ్లలో ఎంతమంది గుమాస్తాలు మారి ఉంటారు! మీ గళ్లలో చేతిరాతలు కనీసం ఐదారు రకాలు కనిపిస్తున్నాయి. కొన్ని గళ్లలో సిరా గోధుమ రంగుకు తిరిగింది, కొన్నింట్లో ఇంకా నల్లగానే ఉంది. పాత ఇనుప సిరా కాగితంలోకి ఇంకి, ఏళ్లు గడిచేకొద్దీ గోధుమరంగుకు తిరుగుతుంది. గడులన్నీ ఒకే చేయి, ఒకే సిరా, ఒకే విడతలో రాసినట్టుంటే అనుమానించాలి.

మీరు చేయాల్సిన పరీక్షలు మూడే. పగటి వెలుగులో కిటికీకి ఎదురుగా పట్టుకుని నీటిగుర్తు చూడండి. అది కాగితం తయారయ్యేటప్పుడే దాని లోపల ఏర్పడుతుంది, పైన అచ్చు వేసినట్టు ఉండదు. నగల దుకాణంవాళ్లు వాడే పదింతల భూతద్దంతో అంచు డిజైన్ చూడండి. అసలు దాంట్లో గీతలు తెగకుండా సాగుతాయి. రంగు ప్రింటర్‌లో తీసిందైతే గీత చిన్న చిన్న రంగు చుక్కలుగా విడిపోతుంది. మూడోది, రిచీ స్ట్రీట్‌లో చవగ్గా దొరికే అతినీలలోహిత టార్చి. చీకటి గదిలో దాని వెలుగు వేస్తే ఈ కాలపు తెల్లకాగితం నీలంగా మెరుస్తుంది. దాన్ని తెల్లగా కనిపించేలా చేసే రసాయనాలు రెండో ప్రపంచ యుద్ధం తర్వాతే కాగితం మిల్లుల్లో విరివిగా వాడుకలోకి వచ్చాయి. 1928 నాటి కాగితం మెరవకూడదు. అయితే మెరవనంత మాత్రాన అసలైనదని కూడా కాదు. పాత లెడ్జర్లలో రాయని పేజీలు చింపి, వాటిమీద అచ్చు వేసేవాళ్లున్నారు. టీ నీళ్లలో ముంచి ముసలితనం తెప్పించేవాళ్లూ ఉన్నారు. టీ మరక మడత లోపలా బయటా ఒకేలా ఉంటుంది. నిజంగా ముసలిదైన కాగితం అంచుల దగ్గర, మడతల దగ్గర ఎక్కువ రంగు తిరుగుతుంది.

ఇప్పుడు మీ తమ్ముడి లెక్క. అతని మీద కోపం వద్దు, ఈ ఆశ అందరికీ కలుగుతుంది. కానీ ఈ వడ్డీ చక్రవడ్డీ కాదు. ఎనభై ఏళ్లు వరసగా లెక్కేసినా పదిహేడున్నర చొప్పున పద్నాలుగు వందలు. అదీ రాదు. ఎందుకంటే 1946లో ప్రభుత్వం ఈ మూడున్నర శాతం నోట్లన్నీ తీర్చేస్తామని నోటీసు ఇచ్చి, కావలసినవాళ్లకు వాటికి బదులుగా మూడు శాతం కన్వర్షన్ లోను నోట్లు ఇచ్చింది. తీర్చే తేదీ దాటిన నోటుకు వడ్డీ నడవదు. కాబట్టి ఎంత గట్టిగా అడిగినా మాట అసలు ఐదు వందల దగ్గరే ఉంటుంది. దానికి వారసత్వం రుజువు చేసుకుంటూ రాజాజీ సాలైలోని రిజర్వ్ బ్యాంక్‌కు తిరగాలి. పైగా డబ్బు ఇచ్చే పక్షంలో నోటు తీసేసుకుంటారు.

ఈ చివరి మాటలోనే మీ నోటు విలువ ఉంది, కాస్త ఆగి చదవండి. డబ్బు ముట్టిన ప్రతి నోటూ ఆఫీసుకు వెళ్లిపోయింది. అక్కడ చిల్లు కొట్టి, అడ్డంగా రద్దు ముద్ర వేసి కట్టలు కట్టారు. బజారులో ఎక్కువగా దొరికేవి పాత దస్త్రాల్లోంచి బయటపడ్డ ఆ చిల్లుల నోట్లే. చిల్లు లేకుండా ఇంట్లో మిగిలిందంటే అది ఎవరూ తీసుకెళ్లి ఇవ్వని నోటు అన్నమాట. లేదా పోయిందని ఫిర్యాదు చేసి డూప్లికేటు తీసుకున్నాక దొరికిన అసలు నోటైనా కావచ్చు. పోయిన నోట్ల నంబర్లు అప్పట్లో గెజిట్‌లో ప్రకటించేవారు. ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్‌లో పాత గెజిట్లున్నాయి. ఓపిక ఉంటే 1944 నుంచి 1947 దాకా చూడండి. వడ్డీ ముద్రలు ఆగిపోయిన 1944 చివర, 1945లో మీ ఇంట్లో ఏం జరిగిందో నాన్నగారిని అడగండి. తాతమ్మ ఎప్పుడు పోయారు? ఊరు మారారా? ఆ జవాబును ఒక కాగితం మీద రాసి, తేదీ వేసి, నోటుతో పాటు పెట్టండి. ఎవరి చేతిలోంచి ఎవరి చేతికి వచ్చిందో తెలిసిన కాగితానికి, తెలియని కాగితానికి ధరలో తేడా ఉంటుంది.

ఇక ఆ తెలుగు సంతకం. అక్షరాలు విడివిడిగా, ఒత్తులు కాస్త వణుకుతూ ఉన్నాయి. పక్కనే గుమాస్తా ఇంగ్లీషులో ఆమె పేరు రాసుకున్నాడు. ఒక ఆడమనిషి తన పేరు మీద ప్రభుత్వానికి ఐదు వందలు అప్పిచ్చి, తన చేత్తో తెలుగులో సంతకం పెట్టింది. నా కౌంటర్ జీవితంలో పాత నోట్ల మీద ఆడవాళ్ల వేలిముద్రలే ఎక్కువగా చూశాను, తెలుగు సంతకాలు వేళ్ల మీద లెక్కపెట్టగలను. సేకరించేవాళ్లు కూడా దీనికి ఎక్కువ ఇస్తారు. కానీ నా మాట వేరు. మీ ఇంట్లో ఆమె చేతిరాత ఇంకెక్కడైనా ఉందా? లేకపోతే ఇది అమ్మకండి.

అమ్మాలనే అనుకుంటే, ఐదు వేలకు ఇవాళే ఇవ్వమన్నవాడికి మాత్రం వద్దు. నకిలీ అనుకునేవాడు ఐదు వేలెందుకిస్తాడు? 2012లో మూర్ మార్కెట్ కాంప్లెక్స్ దగ్గర పాత పుస్తకాలతో పాటు చిల్లులు పడ్డ మూడున్నర శాతం నోట్లు రెండు కొన్నాను, ఒక్కోటి ఏడు వందలు. మీది వాటికన్నా అన్ని విధాలా మెరుగు. అయినా నేను మీకు ఒక అంకె చెప్పను, ఫోటో చూసి అంకె చెప్పేవాళ్లను మీరూ నమ్మొద్దు. కనీసం ముగ్గురికి చూపించండి. వేలంపాటల్లో ‘ఇంత కావాలి’ అని పెట్టిన ధర కాకుండా, పాట ముగిశాక నిజంగా పోయిన ధర ఎంతో చూడండి. ఆ రెండింటికీ మధ్య చాలా దూరం ఉంటుంది.

ప్రశ్న: మేడమ్, నాకు తెలిసిన ఒక కన్సల్టెంట్ 1913 నాటి చైనా ప్రభుత్వ గోల్డ్ బాండ్ చూపించాడు. అయిదు బ్యాంకుల పేర్లు, కింద కూపన్లు అన్నీ ఉన్నాయి. చాలా అందంగా ఉంది. త్వరలో అంతర్జాతీయ స్థాయిలో సెటిల్‌మెంట్ జరగబోతోందని, ఒక్కో బాండుకు కోట్లు వస్తాయని, నాకు నాలుగు లక్షలకు ఇప్పిస్తానని అంటున్నాడు. ఒక నిపుణుడికి చూపిస్తే బాండు అసలైనదే అన్నాడు. ఇంకా టెన్షన్‌గానే ఉంది. తీసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, అంబత్తూరు, చెన్నై

జవాబు: తీసుకోకండి బాబూ. టోకెన్ అడ్వాన్సు కూడా ఇవ్వకండి.

ఆ నిపుణుడు నిజమే చెప్పి ఉంటాడు. ఈ మోసంలో ఉన్న కిటుకే అది. కాగితం అసలైనది, కథ అబద్ధం. మీరు కాగితాన్ని పరీక్ష చేయించారు, అది నెగ్గింది. దాంతో కథ కూడా నెగ్గినట్టు మనసుకు అనిపిస్తుంది.

ఆ బాండు సంగతి ఇది. 1913లో చైనా కొత్త గణతంత్ర ప్రభుత్వం యూరప్, రష్యా, జపాన్ బ్యాంకుల ద్వారా రెండున్నర కోట్ల పౌండ్లు అప్పు తీసుకుంది. వడ్డీ అయిదు శాతం. ఉప్పు మీద వచ్చే పన్నును పూచీగా పెట్టింది. హాంకాంగ్ అండ్ షాంఘై బ్యాంకు, జర్మన్, ఫ్రెంచ్, రష్యన్, జపాన్ బ్యాంకులు, ఇవే మీరు చూసిన అయిదు పేర్లు. గోల్డ్ అని ఉంది కదా అని బంగారం ఇస్తారని కాదు, అప్పు విలువను బంగారం ప్రమాణంగా కట్టారని దాని అర్థం. జపాన్‌తో యుద్ధం నడుస్తుండగా 1939లో చైనా చెల్లింపులు ఆపేసింది. 1949లో వచ్చిన ప్రభుత్వం పాత అప్పులు తనవి కావంది. 1987లో చైనా బ్రిటన్‌తో ఒక ఒప్పందం చేసుకుంది, అక్కడి బాండుదారులకు కొంత ముట్టింది. అమెరికాలో కొందరు 1911 నాటి హుకువాంగ్ రైల్వే బాండ్ల మీద దావా వేశారు. మొదట గెలిచినా ఆ తీర్పు తర్వాత నిలవలేదు.

అంతటి అప్పు అంటే ఎన్ని కాగితాలు అచ్చయి ఉంటాయో ఆలోచించండి. తీరని అప్పు కాబట్టి వాటిలో చాలావాటిని ఎవరూ వెనక్కి తీసుకోలేదు, చింపెయ్యలేదు. మొదటి ప్రశ్న పంపిన పెరంబూరు అమ్మాయి నోటుకు ఇది సరిగ్గా వ్యతిరేకం. అక్కడ అప్పు తీర్చారు కాబట్టి కాగితం అరుదైంది. ఇక్కడ అప్పు తీరలేదు కాబట్టి కాగితం బోలెడంత మిగిలింది. 1918లో బోల్షెవిక్ ప్రభుత్వం రద్దు చేసిన రష్యా చక్రవర్తి కాలం నాటి బాండ్లదీ ఇదే సంగతి. ఫ్రాన్సులో ఇళ్లిళ్లకూ ఉన్నాయవి. ఇలాంటివి గోడకు ఫ్రేము కట్టి పెట్టుకోవడానికి బాగుంటాయి. అందుకోసమే కొనేవాళ్లు కొంటారు, ఆ లెక్కలోనే ధర పలుకుతుంది. నాలుగు లక్షలు ఆ లెక్క కాదు.

అతన్ని ఒకే ప్రశ్న అడగండి. కోట్లు వచ్చే కాగితాన్ని నాలుగు లక్షలకు ఎందుకు ఇస్తున్నావు? సమాధానం వింటున్నప్పుడు ఫీజు, ట్యాక్సు, రిజిస్ట్రేషన్, క్లియరెన్సు అనే మాటలు వస్తే అక్కడితో లేచి వచ్చెయ్యండి. పాత నోట్లు, నాణేలు కొంటామంటూ తన పేరు వాడి కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నవాళ్ల గురించి రిజర్వ్ బ్యాంకే 2021 ఆగస్టులో ప్రజలను హెచ్చరించింది. ఇలాంటి లావాదేవీలు తాను చెయ్యనని, ఎవరినీ డబ్బు అడగనని స్పష్టంగా చెప్పింది. ఇది మన దగ్గరే కాదు. 2009 జూన్‌లో ఇటలీ, స్విట్జర్లాండ్ సరిహద్దులో కియాసో దగ్గర రైల్లో వెళ్తున్న ఇద్దరి సూట్‌కేసు అడుగున పదమూడు వేల కోట్ల డాలర్లకు పైగా ముఖవిలువ రాసి ఉన్న అమెరికా బాండ్లు దొరికాయి. అన్నీ నకిలీవే.

మా వీధిలో ఒక రిటైర్డ్ మాస్టారు ఇలాగే ప్రావిడెంట్ ఫండు డబ్బు పెట్టారు. కాగితం ఇప్పటికీ ఆయన బీరువాలో ఉంది. ఆయన భార్య ఆ బీరువా తెరవదు. మీరు ఇప్పటిదాకా ఏమీ ఇవ్వలేదు కాబట్టి ఇవాళే ఫోన్ చేసి వద్దని చెప్పెయ్యండి. ఇప్పటికే ఏమైనా ఇచ్చి ఉంటే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ నంబరు 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు చెయ్యండి. ఎంత త్వరగా చేస్తే అంత మంచిది.

ప్రశ్న: మా మామగారి పాత సేవింగ్స్ సర్టిఫికెట్లు మడతల దగ్గర చిరిగిపోతున్నాయి. లామినేషన్ చేయించమంటారా?
– ఒక గృహిణి, మైలాపూర్

జవాబు: వద్దమ్మా, దయచేసి వద్దు. లామినేషన్ వేడికి కరిగి కాగితంలోకి దిగుతుంది, మళ్లీ రాదు. సెల్లోటేపు కూడా అంతే. మా నాన్నగారి 1940ల నాటి డిఫెన్స్ సర్టిఫికెట్‌కు నేనే, మంచి చేస్తున్నాననుకుని, టేపు అంటించాను. పదేళ్లకు టేపు ఊడిపోయింది, దాని జిగురు పసుపుపచ్చగా సంతకం మీద ఉండిపోయింది. ఇప్పటికీ చూసినప్పుడల్లా బాధగానే ఉంటుంది.

మడతలు విప్పి, ఆమ్లం లేని కాగితాల మధ్య పెట్టి, పాలిస్టర్ కవరులో ఉంచండి. పీవీసీ కవర్లు వద్దు, అవి అంటుకుంటాయి. ఉక్కు బీరువాలో కాకుండా గాలి ఆడే అరలో పెట్టండి. మన ఊరి ఉప్పుగాలికీ తమిళ నెల ఐప్పసిలో పడే వానలకూ పిన్నులు తుప్పు పడతాయి, అవి ముందే తీసెయ్యండి. ఇంకో మాట. ఆ సర్టిఫికెట్ల మీద డబ్బు తీసుకున్నట్టు పోస్టాఫీసు ముద్ర ఉందో లేదో చూడండి. లేకపోతే భద్రపరచడం తర్వాత, ముందు ఆ పోస్టాఫీసులో అడగండి. నేషనల్ సేవింగ్స్ సర్టిఫికెట్ అయితే పేరు నమోదై ఉంటుంది, వారసులు అడగొచ్చు. ఇందిరా వికాస్ పత్రమైతే పేరుండదు, చేతిలో ఉన్నవాళ్లదే. అలాంటివి కనిపిస్తే నోట్ల కట్టలాగే జాగ్రత్త చెయ్యండి.

ప్రశ్న: మా తాతగారు హైదరాబాదు నిజాం కొలువులో పనిచేసేవారు. ఆయన దాచిన ప్రామిసరీ నోటు ఒకటి నా దగ్గరుంది. దాని మీద 1352 అని, ఓ.ఎస్. రూపాయలు అని ఉంది. 1352 అంటే ఏడు వందల ఏళ్ల నాటిదా? మా అబ్బాయి న్యూజెర్సీలో ఉంటాడు. వచ్చే నెల వస్తున్నాడు, తీసుకెళ్లి అక్కడ వేలంలో పెడతానంటున్నాడు.
– ఒక పాఠకుడు, వేళచ్చేరి, చెన్నై

జవాబు: అది ఫసలీ సంవత్సరమండీ. హైదరాబాదు లెక్కలో ఫసలీకి 590 కలిపితే మన ఇంగ్లీషు సంవత్సరం వస్తుంది. 1352 అంటే 1942-43. ఓ.ఎస్. అంటే ఉస్మానియా సిక్కా, నిజాం సొంత రూపాయి. బ్రిటిష్ ఇండియా రూపాయలు ఆరుకు ఇవి ఏడు. కాబట్టి ముఖవిలువ వంద అని ఉంటే మన రూపాయల్లో ఎనభై ఆరుకు కొంచెం తక్కువ. 1953 తర్వాత ఆ నాణెం వాడుకలోంచి తప్పుకుంది, 1959 నాటికి చెల్లుబాటూ పోయింది. ఉర్దూ, ఇంగ్లీషు, తెలుగు, మరాఠీ లిపుల్లో ఏమేమి ఉన్నాయో చూసి నాకు రాయండి. నిజాం రాజ్యపు కాగితాలంటే ప్రత్యేకంగా వెతుక్కునేవాళ్లున్నారు, నాకూ వాటిమీద మక్కువ.

అబ్బాయి చేత పంపడం మాత్రం ఆపండి. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం వస్తువులకు వందేళ్ల నిబంధన ఉంది గాని, చారిత్రక విలువ ఉన్న రాతప్రతులు, రికార్డులు, పత్రాలకు డెబ్బై అయిదేళ్లే చాలు. మీ నోటు ఆ వయసు దాటింది. ఆ కోవలోకి వచ్చే పత్రాన్ని మామూలు మనిషి దేశం దాటించడం నేరం. మీ నోటు అందులోకి వస్తుందా రాదా అన్నది మీరో అబ్బాయో తేల్చుకునేది కాదు, పురావస్తు శాఖ తేల్చాలి. పురావస్తువు కాదని వాళ్లిచ్చే సర్టిఫికెట్ లేకుండా ఎయిర్‌పోర్టులో పట్టుబడితే కాగితమూ పోతుంది, అబ్బాయికి చిక్కూ వస్తుంది. దేశం లోపల అమ్ముకోవచ్చు, ఆ శాఖ లైసెన్సు ఉన్న డీలర్లూ వేలం సంస్థలూ మన దగ్గరా ఉన్నాయి. అబ్బాయికి చూపించాలని ఉంటే రంగు స్కాన్ తీసి పంపండి. ఆరు వందల డీపీఐలో, రెండు వైపులా.